పిల్లల పన్ను విరిగినప్పుడు: మొదటి పది నిమిషాల నుంచి మొదటి ఏడాది దాకా

బిడ్డ పడి పన్ను విరిగితే, ఎంత ముక్క పోయిందో చూసి కంగారు పడతాం. డాక్టర్లు ముందు చూసేది అది కాదు. విరిగినచోట ఏ రంగు కనిపిస్తోంది, పన్ను ఊగుతోందా, అది పాలపన్నా శాశ్వత పన్నా అన్న మూడు సంగతుల మీదే వాళ్ళ నిర్ణయం ఉంటుంది. అంచు పొడవునా పెచ్చు లేచిపోయినా లోపలంతా తెల్లగానే ఉంటే తొందర లేదు. మూల దగ్గర చిన్న ముక్కే పోయినా మధ్యలో ఎర్రచుక్క కనబడితే ఆ రోజే చూపించాలి. ఈ మూడూ ఇంట్లోనే, అయిదు నిమిషాల్లో చూసుకోవచ్చు. కానీ వాటికంటే ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది.

ముందు తల, తర్వాతే పన్ను

పన్ను విరిగేంత దెబ్బ తగిలిందంటే తలకూ, దవడకూ కూడా తగిలి ఉండొచ్చు. పడ్డ వెంటనే ఏడ్చిందా, లేక కొన్ని క్షణాలు ఉలుకూ పలుకూ లేకుండా ఉందా అన్నది గుర్తు తెచ్చుకోండి. స్పృహ తప్పడం, ఒకటికి రెండుసార్లు వాంతి కావడం, ఆగకుండా మగతగా ఉండటం, లేపినా సరిగా లేవకపోవడం, ఫిట్స్, కంటిపాపలు రెండూ ఒకే సైజులో లేకపోవడం, ముక్కులోంచి గానీ చెవిలోంచి గానీ నీళ్ళలాంటి ద్రవం కారడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పన్ను సంగతి పక్కనపెట్టి నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి. నోరు పూర్తిగా తెరవలేకపోతున్నా, మూసినప్పుడు గడ్డం ఒక పక్కకు పోతున్నా దవడ ఎముక చూపించాలి. గడ్డం కింద చర్మం చిట్లితే ఈ అనుమానం ఇంకా గట్టిగా పెట్టుకోవాలి. గడ్డం నేలకు కొట్టుకున్నప్పుడు ఆ దెబ్బ చెవుల ముందున్న దవడ కీళ్ళదాకా పాకుతుంది, వెనక దంతాలు ఒకదాన్నొకటి గుద్దుకుని విరుగుతాయి. అందుకే అలా పడ్డప్పుడు ముందుపళ్ళతో పాటు వెనక దంతాలు కూడా చూడాలి.

రక్తం ఆపడం

నోట్లో రక్తం ఉమ్మితో కలిసి అసలు కన్నా చాలా ఎక్కువగా కనిపిస్తుంది. బిడ్డను ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టి, తల కాస్త ముందుకు వంచండి. వెనక్కి వాలిస్తే రక్తం మింగుతుంది, కడుపులో చేరిన రక్తం వాంతి అవుతుంది, ఆ వాంతి చూసి తలకు దెబ్బ తగిలిందేమోనని మళ్ళీ కంగారు. శుభ్రమైన నూలుగుడ్డను లేదా గాజ్‌ను నాలుగు మడతలు వేసి, చల్లటి నీళ్ళలో తడిపి పిండి, రక్తం వస్తున్నచోట వేలితో నొక్కి పట్టుకోండి. గడియారం చూసి 10 నిమిషాలు. మధ్యలో తీసి చూడకూడదు. తీసిన ప్రతిసారీ అప్పుడే కడుతున్న గడ్డ ఊడి వచ్చేస్తుంది, లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

పై పెదవి లోపలివైపు, మధ్యలో, పెదవిని చిగురుకు కలిపే సన్నటి తీగలాంటి పొర ఉంటుంది. చిన్నపిల్లలు బోర్లా పడితే చాలాసార్లు అది తెగుతుంది. రక్తం ధారగా వచ్చి భయపెడుతుంది గానీ, పెదవి మీద బయటి నుంచి 10 నిమిషాలు నొక్కితే చాలావరకు దానంతట అదే ఆగిపోతుంది, కుట్లు అక్కర్లేకుండా మానిపోతుంది. ఇక్కడ ఇంట్లో జరిగే పొరపాటు ఒకటే: వచ్చినవాళ్ళందరికీ చూపించడానికి పెదవి పైకెత్తడం. ఎత్తిన ప్రతిసారీ అది మళ్ళీ తెగుతుంది. ఒకసారి చూశాక మూడు నాలుగు రోజులు దాని జోలికి పోకండి. ఇంకా పాకడం కూడా రాని పసిబిడ్డకు ఈ పొర తెగి కనిపిస్తే మాత్రం, కారణం తెలిసేదాకా పిల్లల డాక్టరుకు చూపించి తీరాలి.

10 నిమిషాలు గట్టిగా నొక్కాక కూడా ఆగకపోతే మరో 10 నిమిషాలు. అప్పటికీ ఆగకపోయినా, పెదవి ఆరపార తెగినా, పెదవి బయటి గీత మీదుగా గాయం వెళ్ళినా కుట్లు పడాల్సి రావచ్చు, ఆసుపత్రికి వెళ్ళండి. వాపు తగ్గడానికి ఐసు ముక్కను గుడ్డలో చుట్టి బయటి నుంచి పెదవి మీద 10 నిమిషాలు పెట్టి తీయండి, కాసేపాగి మళ్ళీ పెట్టండి. ఐసును నేరుగా చర్మానికి ఆనించకండి. విరిగిన పంటికి అసలే తగలనివ్వకండి, బిడ్డ గిలగిల్లాడిపోతుంది.

నోరు చూసే పద్ధతి

ఏడుస్తున్న రెండేళ్ళ బిడ్డ నోట్లోకి ఎదురుగా నిలబడి చూడటం ఎవరి వల్లా కాదు. పిల్లల పళ్ళ డాక్టర్లు వాడే పద్ధతి ఇంట్లోనూ పనికొస్తుంది. ఇద్దరు పెద్దవాళ్ళు ఎదురెదురుగా, మోకాళ్ళు ఆనేలా కూర్చోండి. బిడ్డను అమ్మ తనవైపు తిప్పుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి, బిడ్డ కాళ్ళు అమ్మ నడుముకు అటూ ఇటూ ఉండాలి. ఇప్పుడు మెల్లగా వెనక్కి వాల్చితే తల రెండోవాళ్ళ ఒళ్ళోకి వస్తుంది. అమ్మ చేతులు పట్టుకుంటుంది, బిడ్డకు అమ్మ ముఖం కనిపిస్తూనే ఉంటుంది. రెండోవాళ్ళు పైనుంచి ఫోన్ లైటు వేసి చూడాలి. ఏడ్చినా పర్వాలేదు, ఏడుస్తున్నప్పుడు నోరు బాగా తెరుచుకుంటుంది.

చూపుడువేలి మెత్తటి భాగంతో పై పెదవిని పక్కనుంచి ఎత్తండి. మధ్యలో పట్టి ఎత్తితే ఆ పొర లాగుతుంది. తడి గాజ్‌తో పన్నును సున్నితంగా తుడిచి, లైటును నేరుగా కాకుండా పక్కనుంచి వేయండి. విరిగిన అంచు అప్పుడే తేటగా కనిపిస్తుంది. తర్వాత వేలికొనతో పన్నును ముందుకూ వెనక్కూ అతి తేలిగ్గా తాకి చూడండి. ఎంత ఊగుతోందో కొలవాల్సిన పని లేదు, పక్కపన్నుతో పోలిస్తే తేడా ఉందా అన్నదే చూడాలి. చివరగా నోరు మూయమనండి. పైపళ్ళూ కిందిపళ్ళూ రోజూ కలిసేలాగే కలుస్తున్నాయా? ఒక పన్ను ముందుగా తగిలి, మిగతావి కలవకుండా ఆగిపోతే, పన్ను చోటు మారిందన్నమాట.

చిగురు అంచు చుట్టూ సన్నగా రక్తపు గీత కనిపిస్తే కూడా రాసిపెట్టుకోండి. పన్ను ఊగకపోయినా లోపల పట్టు దెబ్బతిందనడానికి అది గుర్తు. అన్నీ చూశాక, పక్కపన్ను కూడా కనపడేలా రెండు మూడు ఫోటోలు తీసుకోండి. నెల తర్వాత రంగు మారిందా లేదా అన్న అనుమానం వచ్చినప్పుడు ఈ ఫోటోలే సాక్ష్యం.

విరిగిన అంచులో రంగు

పన్ను మూడు పొరలు. పైన తెల్లటి ఎనామిల్, దాని కింద పసుపుపచ్చటి డెంటిన్, మధ్యలో రక్తనాళాలూ నరాలూ ఉండే మెత్తటి గుజ్జు. మనం మామూలుగా పంటి నరం అనేది దీన్నే. పాలపన్నులో ఎనామిల్ శాశ్వత పన్నులో ఉన్నదాంట్లో దాదాపు సగం మందమే ఉంటుంది, గుజ్జు మాత్రం పన్ను సైజుకు పెద్దది. అందుకే పెద్దవాళ్ళ పంటిలో లెక్కలోకి రానంత ముక్క పోయినా, పాలపన్నులో అది నరందాకా వెళ్ళగలదు.

విరిగినచోటంతా ఒకే తెలుపు ఉంటే ఎనామిల్ మాత్రమే పోయింది. నొప్పి ఉండదు, ఉన్న ఇబ్బందల్లా గరుకు అంచు నాలుకకో పెదవికో గీసుకోవడం. తెలుపు అంచు మధ్యలో పసుపు రంగు మచ్చ కనిపిస్తే డెంటిన్ బయటపడింది. డెంటిన్ నిండా సూదిమొన కన్నా సన్నటి గొట్టాలు గుజ్జుదాకా ఉంటాయి. చల్లటివి తగిలినా, గాలి పీల్చినా జివ్వుమనడం వాటివల్లే, క్రిములు లోపలికి పోయే దారీ అవే. ఇది రెండు మూడు రోజుల్లో మూయించాలి.

పసుపు మధ్యలో గులాబీ లేదా ఎర్ర చుక్క ఉంటే గుజ్జు బయటపడినట్టే. ఇక్కడ చాలామంది పొరబడతారు, ఎందుకంటే నోట్లో అప్పటికే రక్తం ఉంటుంది. తేల్చుకునే పద్ధతి ఇది: తడి గాజ్‌తో పన్నును తుడవండి, పెదవి పంటికి తగలకుండా పట్టుకుని అర నిమిషం చూస్తూ ఉండండి. విరిగిన అంచు మధ్యలోనే సూదిమొనంత ఎర్రబొట్టు మళ్ళీ ఊరితే అది గుజ్జు. చిగురు వైపు నుంచి పాకుతూ వస్తే అది చిగురు రక్తం. ఎర్రచుక్క తేలితే ఆ రోజే ఫోన్ చేసి, వీలైతే అదే రోజు, కాకపోతే మర్నాడు చూపించాలి. బిడ్డ ఆడుకుంటోందనీ, నొప్పి అనడం లేదనీ ఆగకండి. మొదటి రోజు నొప్పి లేకపోవడం మామూలే.

విరిగిన గీత పంటి అంచుతో ఆగకుండా చిగురు లోపలికి దిగినట్టు, ముక్క ఊడకుండా వేలాడుతున్నట్టు ఉంటే లాగకండి. వేరు కూడా చీలి ఉండొచ్చు. అది డాక్టరు మందిచ్చి తీయాల్సిన ముక్క.

ముక్క ఎక్కడుంది?

నేల మీద వెతకండి, బట్టల్లో వెతకండి. దొరికితే పాలలో గానీ, సెలైన్‌లో గానీ, అవి లేకపోతే నీళ్ళలో గానీ వేసి తీసుకెళ్ళండి. శాశ్వత పన్ను ముక్కయితే దాన్నే తిరిగి అతికించవచ్చు, రంగూ ఆకారమూ అచ్చంగా కలిసిపోతాయి. ఎండిపోయిన ముక్క రంగు పాలిపోతుంది, అతుకూ బలంగా పట్టదు, అందుకే తడిగా ఉంచడం. పాలపన్ను ముక్కను సాధారణంగా అతికించరు, అయినా తీసుకెళ్ళాలి. అది దొరికిందంటే బిడ్డ లోపల ఎక్కడా లేదని లెక్క తేలుతుంది.

దొరక్కపోతే మూడు చోట్లు ఆలోచించాలి. పెదవి తెగి, ఆ చోట గట్టిగా ఉబ్బి ఉంటే ముక్క పెదవి కండలోనే దిగబడి ఉండొచ్చు. గాయం పైకి చిన్నగా కనిపించి లోపల ముక్కతోనే మూసుకుపోతే తర్వాత చీము పడుతుంది. పెదవికి ఎక్స్‌రే తీస్తే తెలిసిపోతుంది, కుట్లు వేసేముందే అడగండి. రెండోది, మింగేయడం. చిన్న ముక్కలు చాలావరకు ఏ ఇబ్బందీ లేకుండా విరేచనంలో పోతాయి. మూడోది ఊపిరితిత్తుల్లోకి పోవడం. పడ్డ దగ్గర్నుంచి ఆగని దగ్గు, ఊపిరిలో ఈల శబ్దం, గొంతు మారడం, ఆయాసం ఉంటే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి. మొదట దగ్గు వచ్చి ఆగిపోయినా, తర్వాత రోజుల్లో కారణం తెలియని దగ్గు, జ్వరం వస్తే ముక్క దొరకలేదన్న సంగతి డాక్టరుకు గుర్తుచేయండి.

పాలపన్నా, శాశ్వత పన్నా?

వయసు చూస్తే చాలావరకు తెలుస్తుంది. కింది ముందుపళ్ళు 6 నుంచి 7 ఏళ్ళ మధ్య, పై ముందుపళ్ళు 7 నుంచి 8 ఏళ్ళ మధ్య మారతాయి. అటూ ఇటూగా ఉన్న వయసులో పన్నునే చూడాలి. పాలపన్ను చిన్నది, పాలలా తెల్లగా ఉంటుంది, అంచు అరిగి నున్నగా ఉంటుంది. కొత్తగా వచ్చిన శాశ్వత పన్ను వెడల్పుగా, కాస్త పసుపు ఛాయలో ఉంటుంది, అంచున రంపంలా మూడు చిన్న బొడిపెలు ఉంటాయి. ఈ బొడిపెల్ని చూసి పన్ను విరిగిందనుకుని పరిగెత్తేవాళ్ళున్నారు. అవి పుట్టుకతో ఉండేవే, కొరకగా కొరకగా కొన్నేళ్ళలో అరిగిపోతాయి.

ఈ తేడా ఎందుకు ఇంత ముఖ్యమో పన్ను మొత్తం ఊడి వచ్చినప్పుడు తెలుస్తుంది. విరగడం, ఊడటం ఒకే దెబ్బలో జరగొచ్చు గనుక ఇదీ తెలిసి ఉండాలి. పాలపన్ను వేరుతో సహా ఊడొస్తే తిరిగి పెట్టకూడదు. దాని వేరు కొసకు ఆనుకునే శాశ్వత పన్ను మొగ్గ తయారవుతూ ఉంటుంది, పాలపన్నును తిరిగి నెడితే ఆ మొగ్గ చెడిపోవచ్చు. శాశ్వత పన్ను ఊడొస్తే లెక్క పూర్తిగా తిరగబడుతుంది, అక్కడ ప్రతి నిమిషమూ విలువైనదే. పైభాగం పట్టుకోండి, వేరు ముట్టుకోకండి, రుద్దకండి. మట్టి అంటితే పాలతోనో సెలైన్‌తోనో ఒక్కసారి కడిగి, ముందువైపు ముందుకే ఉండేలా గుంటలోకి నెట్టి, గుడ్డ కొరికి పట్టుకోమనండి. పెట్టడం కుదరకపోతే పాలలో వేసి పరిగెత్తండి. మామూలు నీళ్ళు మంచివి కావు, వేరు మీదున్న సన్నటి కణాలు వాటిలో ఉబ్బి పగిలిపోతాయి. అయినా ఎండబెట్టడం కన్నా నీళ్ళే నయం. 15 నిమిషాల్లో గుంటలో పడితే ఆ కణాలు బతికే అవకాశం బాగా ఎక్కువ. గంటసేపు ఎండిపోయాక బతకడం కష్టం, అప్పుడు కూడా పన్ను పారేయకుండా తీసుకెళ్ళండి.

పాలపన్ను ఊడలేదు, కనిపించడమూ లేదు అంటే చిగురులోకి దిగిపోయి ఉండొచ్చు. చూడ్డానికి విరిగిపోయినట్టో, ఊడిపోయినట్టో ఉంటుంది. ఎక్స్‌రేతోనే తేలుతుంది. అలా దిగిన పాలపళ్ళు చాలావరకు ఆరు నెలల్లోపు, కొన్ని ఏడాదిలోపు వాటంతట అవే కిందికి వస్తాయి.

ఎంత తొందరగా వెళ్ళాలి

పన్ను చోటు మారినా, పైపళ్ళూ కిందిపళ్ళూ సరిగా కలవకపోయినా, మింగేస్తుందేమో అన్నంతగా ఊగుతున్నా, ఎర్రచుక్క ఉన్నా, శాశ్వత పన్ను ఊడినా, ముక్క పెదవిలో ఉందన్న అనుమానం ఉన్నా అదే రోజు. పసుపు కనిపిస్తే రెండు మూడు రోజుల్లోపు. తెలుపు మాత్రమే అయితే వారంలోపు. పన్ను ఏమీ విరగకుండా దెబ్బ మాత్రమే తగిలినా ఒకసారి చూపించి ఎక్కడ ఏముందో రాయించుకోవడం మంచిది. తర్వాత ఏదైనా తేడా వస్తే పోల్చుకోవడానికి మొదటి రోజు నోట్ ఉండాలి.

ఫోన్‌లో చెప్పాల్సినవి: వయసు, బరువు, ఎప్పుడు ఎక్కడ ఎలా పడింది, స్పృహ తప్పిందా, ఏ పన్ను, ఏ రంగు కనిపిస్తోంది, ఊగుతోందా, ముక్క దొరికిందా. గుండె జబ్బు, రక్తం గడ్డకట్టని జబ్బు, మందులు పడకపోవడం ఉంటే మొదటే చెప్పండి. గాయానికి మట్టి అంటితే ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించారో కార్డు తీసి చూసుకోండి. బయల్దేరేముందు కడుపునిండా ఏమీ పెట్టకండి. మత్తు ఇవ్వాల్సి వస్తే ఖాళీ కడుపు కావాలి, లేకపోతే కొన్ని గంటలు ఆగమంటారు. తాగించవచ్చా, పెట్టవచ్చా అని ఫోన్‌లోనే అడగండి.

నొప్పికి మందు

పారాసిటమాల్ చాలు. కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, మోతాదుకూ మోతాదుకూ మధ్య కనీసం 4 నుంచి 6 గంటలు, రోజుకు 4 మోతాదులు మించకూడదు. ఇందులో జరిగే పెద్ద పొరపాటు సీసా మీద బలం చూడకుండా మిల్లీలీటర్లు గుర్తుపెట్టుకోవడం. 12 కిలోల బిడ్డకు ఒక మోతాదు ఎక్కువలో ఎక్కువ 180 మిల్లీగ్రాములు. 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉన్న సిరప్‌లో అది 7.5 మి.లీ. 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉన్న సిరప్‌లో 3.6 మి.లీ. పసిపిల్లల డ్రాప్స్‌లో 1 మి.లీ.కే 100 మి.గ్రా. ఉంటే 1.8 మి.లీ. మాత్రమే. సిరప్ లెక్కలో 7.5 మి.లీ. డ్రాప్స్ పోస్తే నాలుగు రెట్లు దాటిపోతుంది, కాలేయం దెబ్బతింటుంది. స్పూన్లతో కాకుండా గీతలున్న సిరంజితోనే కొలవండి. మూడు నెలల్లోపు పసికందుకు డాక్టరును అడగకుండా ఇవ్వొద్దు.

ఇబుప్రోఫెన్ ఆరు నెలలు దాటిన పిల్లలకు పనిచేస్తుంది, కానీ రక్తం ఇంకా వస్తున్నా, తలకు దెబ్బ అనుమానం ఉన్నా డాక్టరు చెప్పేదాకా వద్దు. పిల్లలకు ఆస్పిరిన్ ఎప్పుడూ ఇవ్వకూడదు. లవంగం నూనె చిగురును కాలుస్తుంది, విరిగిన పంటిలో పోస్తే బయటపడ్డ గుజ్జును కూడా. తిమ్మిరి ఎక్కించే బెంజోకైన్ జెల్లు రెండేళ్ళలోపు పిల్లల్లో రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితి తేగలవు, వాడొద్దు. గరుకు అంచును ఇంట్లో గోళ్ళ ఆకురాయితో అరగదీయడం కూడా వద్దు, ఆ కుదుపుకు అసలే సడలిన పన్ను ఇంకా కదులుతుంది. మాట వినే వయసు పిల్లలకు, క్లిప్పులు వేసుకున్నవాళ్ళు వాడే మైనం ముద్ద అంచు మీద నొక్కి ఒకటి రెండు రోజులు గడపొచ్చు. చిన్నపిల్లలకు అదీ వద్దు, ఊడి గొంతుకు అడ్డం పడుతుంది.

క్లినిక్కులో ఏం చేస్తారు

ఎనామిల్ మాత్రమే పోతే గరుకు అంచును నున్నగా చేసి పంపేస్తారు. డెంటిన్ కనిపిస్తే గ్లాస్ అయనోమర్ అనే సిమెంటుతో గానీ, పంటి రంగులో ఉండే కాంపోజిట్ అనే పదార్థంతో గానీ మూస్తారు. అందం కోసమే అనుకోకండి, ఆ సన్నటి గొట్టాలను మూయడమే అసలు పని. గుజ్జు బయటపడితే, బిడ్డ సహకరిస్తే, పైనున్న కాస్త గుజ్జు మాత్రం తీసి, మందు పెట్టి, పైన సిమెంటుతో మూస్తారు. కుదరకపోతే పాలపన్ను తీసేయమనొచ్చు. మూడేళ్ళ బిడ్డకు గంటసేపు కుర్చీలో కూర్చునే ఓపిక ఉండదు. పన్ను నిలపడానికి ఎంత ప్రయత్నం చేయాలన్నది పంటితో పాటు బిడ్డను కూడా చూసి తేల్చాల్సిన విషయం. ఎందుకు తీయాలి, నిలిపితే ఏం అవసరమవుతుంది అని రెండూ అడిగి నిర్ణయించుకోండి.

ఏడు, ఎనిమిదేళ్ళ పిల్లల శాశ్వత పన్నులో గుజ్జు బయటపడితే మాత్రం దాన్ని బతికించడానికి గట్టిగా ప్రయత్నిస్తారు, ప్రయత్నించాలి. పన్ను బయటికి వచ్చాక వేరు పూర్తిగా పెరగడానికి ఇంకో మూడేళ్ళు పడుతుంది. అప్పటిదాకా వేరు కొస తెరుచుకునే ఉంటుంది, గోడలు పల్చగా ఉంటాయి. లోపలి గుజ్జు బతికుంటేనే ఆ గోడలు మందమవుతాయి, కొస మూసుకుంటుంది. గుజ్జు చచ్చిపోతే వేరు అక్కడికక్కడే ఆగిపోతుంది, చిన్న దెబ్బకే పంటి మెడ దగ్గర, అంటే చిగురు అంచున, విరిగే పన్నుగా మిగిలిపోతుంది. అందుకే ఆ వయసులో ఎవరైనా వెంటనే రూట్ కెనాల్ చేసేద్దామంటే, గుజ్జు కొంతైనా నిలపలేమా అని అడగండి.

విరిగిన పాలపన్నుకు యాంటీబయాటిక్ మామూలుగా అక్కర్లేదు. తిమ్మిరి ఇంజెక్షన్ ఇస్తే తర్వాత రెండు మూడు గంటలు బిడ్డను కనిపెట్టుకుని ఉండండి. తిమ్మిరెక్కిన పెదవిని నమిలి పుండు చేసుకుంటారు, అది అసలు దెబ్బ కన్నా ఎక్కువ బాధిస్తుంది.

ఇంట్లో మొదటి రెండు వారాలు

పెదవి వాపు రెండోరోజు ఇంకా పెరిగినట్టు కనిపించి తర్వాత తగ్గుతుంది. పెదవి లోపలి గాయం మీద ఒకటి రెండు రోజుల్లో తెల్లగా, పసుపుగా పొర కడుతుంది. చాలామంది దాన్ని చీము అనుకుని గీకేస్తారు. అది మానుతున్న పొర, నోట్లో గాయాలకు పొక్కు ఇలాగే కడుతుంది. చీము అయితే నొప్పి, వాపు రోజురోజుకూ పెరుగుతాయి, వాసన వస్తుంది, జ్వరం రావచ్చు.

బ్రషింగ్ ఆపకండి. దెబ్బ తగిలిందని వారం రోజులు ముట్టుకోకపోతే చిగురు అంచున పాచి పేరుకుని, మానాల్సిన చిగురు ఉబ్బుతుంది. మెత్తటి బ్రష్‌తో, మూడేళ్ళలోపు అయితే బియ్యపుగింజంత, మూడు దాటితే బఠాణీగింజంత ఫ్లోరైడ్ పేస్టుతో తోమండి. దెబ్బతిన్న చోట బ్రష్ పెట్టనివ్వకపోతే, ఆల్కహాల్ లేని 0.1 నుంచి 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌లో దూది తడిపి రోజుకు రెండుసార్లు, ఒక వారం తుడవండి. వారం దాటితే పళ్ళ మీద గోధుమ మరకలు పడతాయి.

మెత్తటివి పెట్టండి, ముందుపళ్ళతో కొరికేవి చిన్న ముక్కలు చేసి పక్కనుంచి నోట్లో పెట్టండి. పాలపీక, వేలు చప్పరించే అలవాటుంటే పన్ను ఊగుతున్నన్ని రోజులు తగ్గించడానికి చూడండి, ఆ ఒత్తిడి సరిగ్గా ముందుపళ్ళ మీదే పడుతుంది. ఊగుతున్న పాలపన్ను రెండు వారాల్లో గట్టిపడటం మొదలవ్వాలి. వారానికి వారం ఇంకా వదులవుతుంటే గడువు దాకా ఆగకుండా చూపించండి.

రంగు మారితే

పాలపన్ను కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో బూడిద రంగుకు తిరగొచ్చు. లోపల కమిలిన రక్తం డెంటిన్‌లోకి ఇంకడమే కారణం, చేతి మీద కమిలినట్టే. కొన్నిటికి ఆ రంగు తగ్గుతుంది, కొన్ని అలాగే ఊడేదాకా ఉంటాయి. రంగు మారినంత మాత్రాన పన్ను తీయించక్కర్లేదు, రూట్ కెనాల్ చేయించక్కర్లేదు. నెలల తర్వాత పసుపుగా మారితే, లోపలి గుజ్జు దారి గట్టిపడి పూడుకుపోయిందని అర్థం, అది కూడా అపాయం కాదు.

చూడాల్సింది రంగు కాదు, చిగురు. నెలకోసారి, స్నానం చేయించేటప్పుడు పెదవి ఎత్తి పన్ను పైన చిగురు మీద వేలితో నిమరండి. సెగగడ్డలాంటి చిన్న బుడిపె, నొక్కితే చీము, పన్ను మళ్ళీ వదులవడం, రాత్రిళ్ళు నొప్పితో లేవడం, చెంప వాపు కనిపిస్తే లోపల గుజ్జు చచ్చి చీము పట్టింది. ఎలాగూ ఊడే పాలపన్నే కదా అని వదిలేయడానికి లేదు, ఆ చీము ఉండేది శాశ్వత పన్ను మొగ్గ పక్కనే. చెంప వాపుతో జ్వరం ఉంటే, కన్ను మూసుకుపోతుంటే, మింగలేకపోతుంటే అదే గంటలో ఆసుపత్రికి వెళ్ళాలి.

డెంటిన్ బయటపడ్డ పాలపన్నును 6 నుంచి 8 వారాల తర్వాత మళ్ళీ చూపించాలి. గుజ్జుకు వైద్యం చేసినదైతే వారం తర్వాత, 6 నుంచి 8 వారాల తర్వాత, ఏడాది తర్వాత. శాశ్వత పన్ను చిన్నగా విరిగినా 6 నుంచి 8 వారాలకు, ఏడాదికి చూపించాలి. గుజ్జు బయటపడిందైతే మధ్యలో 3 నెలలకు, 6 నెలలకు కూడా. ఈ గడువుల్ని తప్పించుకునేవాళ్ళే ఎక్కువ, ఎందుకంటే బిడ్డకు నొప్పి ఉండదు. గుజ్జు నొప్పి లేకుండానే నెలల తరబడి చచ్చిపోగలదు, ఎక్స్‌రేలో తప్ప తెలియదు. అతికించిన ముక్క గానీ, కాంపోజిట్ గానీ ఎప్పుడైనా ఊడొస్తే తడిగా ఉంచి తీసుకెళ్ళండి, మళ్ళీ అతికిస్తారు.

పాలపన్నుకు, ముఖ్యంగా మూడేళ్ళలోపు, గట్టి దెబ్బ తగిలి పన్ను చిగురులోకి దిగిపోయి ఉంటే, కొన్నేళ్ళ తర్వాత వచ్చే శాశ్వత పన్ను మీద తెల్లటి లేదా పసుపు మచ్చ ఉండొచ్చు, ఆకారం కాస్త మారొచ్చు. అప్పుడు కొత్త డాక్టరు కారణం అడుగుతారు, దెబ్బ తగిలిన తేదీ, ఫోటోలు, ఎక్స్‌రేలు ఒకచోట దాచి ఉంచండి. పక్కనున్న జత పన్ను వచ్చి ఆరు నెలలైనా దెబ్బతిన్న వైపు పన్ను రాకపోతే, వస్తుందిలే అని ఇంకా ఎదురుచూడకుండా ఎక్స్‌రే తీయించండి.